షోరూమ్ కండిషన్ అంటే ఏంటి? కొత్తగూడెంలో రెండు ఆర్‌ఎక్స్ 100లు

ఈరోజు ఎపిసోడ్ రెండు అమ్మకం ప్రకటనల గురించి. రెండూ మన ఏరియా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినవే. రెండిట్లోనూ ఉన్నది ఒకే మోడల్ బండి. ఒకటి అద్దంలా మెరుస్తుంది, ఇంకోటి దుమ్ము పట్టి ఉంది. మెరిసేదాని రేటు లక్షా అరవై వేలు, దుమ్ముదాని రేటు తొంభై ఐదు వేలు. ఏది కొనాలి? వీడియో చివరికొచ్చేసరికి మీరే చెప్పేస్తారు.

"పాత స్పోర్ట్స్ కారు అమ్మబడును, చాలా బాగా మెయింటైన్ చేశాం" అనే యాడ్ ఇటలీలో పడితే అది ఫెరారీ అయ్యుంటుంది. ఇంగ్లండ్‌లో అయితే ట్రయంఫో, ఎంజీయో. మన కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు వైపు అలాంటి యాడ్ పడితే అది యమహా ఆర్‌ఎక్స్ 100. రెండు చక్రాలే ఉన్నా, బొగ్గు బెల్టులో మన నాన్నల తరానికి స్పోర్ట్స్ కారు ఇదే. 2018 జులైలో అజయ్ భూపతి గారి సినిమా దీని పేరుతోనే వచ్చింది. బండి ఆగిపోయిన తర్వాత పుట్టిన పిల్లలు కూడా ఆ సినిమా చూసి ఈ బండి కోసం వెతకడం మొదలుపెట్టారు.

ముందు బండి సంగతి రెండు నిమిషాల్లో చెప్తాను. ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి 1985లో దీన్ని మన దేశంలోకి తెచ్చింది. 1996లో తయారీ ఆగిపోయింది. ఇంజిన్ 98 సీసీ, పవర్ 11 హెచ్‌పీ, బరువు అటూ ఇటూగా వంద కిలోలు. "ఇంతేనా బ్రో, ఇప్పటి స్కూటర్లు కూడా ఇంత ఇస్తాయి కదా" అంటారేమో. అసలు కథ టూ స్ట్రోక్‌లో ఉంది. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి పవర్ వస్తుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ వస్తుంది. దానికి తోడు బండి తేలిక. అందుకే యాక్సిలరేటర్ తిప్పగానే అలా ఎగిరి దూకుతుంది. దానికి కట్టే ఖరీదు ఏంటంటే, పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కాలుతుంది. వెనక నీలం పొగ వస్తుంది. 1996లో కాలుష్యం రూల్స్ గట్టిపడ్డాయి, ఈ బండి కాలం అయిపోయింది.

ఇక్కడ లెక్క అర్థం చేసుకోండి. 1996 తర్వాత ఒక్క ఆర్‌ఎక్స్ 100 కూడా కొత్తగా పుట్టలేదు. ఉన్నవి ఏటా తగ్గుతున్నాయి, కొనేవాళ్లు పెరుగుతున్నారు. రేటు పెరగకుండా ఎలా ఉంటుంది? రేటు పెరిగినచోట నకిలీ కూడా పుడుతుంది. ఒక బండి ఫ్రేమ్, ఇంకో బండి ఇంజిన్, మూడో బండి పేపర్లు, పైన కొత్త రంగు. దానికి పెట్టే పేరే "షోరూమ్ కండిషన్".

ఇప్పుడు అసలు విషయం. మన వ్యూయర్ ఒక తమ్ముడు నాకు ఈ రెండు యాడ్లూ పంపాడు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని చేస్తాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. సింగరేణి లాభాల వాటా సంగతి మీకు తెలిసిందే. 2024 దసరాకి పర్మినెంట్ కార్మికులకి సగటున 1.90 లక్షలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులకి మొదటిసారిగా ఇచ్చింది ఒక్కొక్కరికి 5 వేలు. అంటే మనవాడి దగ్గర ఉన్నది బోనస్ డబ్బు కాదు, చిట్టీ పాడుకున్న డబ్బు. 90 వేలు. మెరిసే బండి కోసం ఇంకో డెబ్భై వేలు వడ్డీకి తేవడానికి రెడీ అయ్యాడు. "అన్నా, ఫొటోలు చూసి చెప్పు, తీసుకోనా?" అని మెసేజ్. ఫొటోలు చూసి చెప్పేది కాదు తమ్ముడూ, పద వెళ్దాం అన్నాను.

మొదటి బండి. ఎండలో నిలబెట్టారు, కళ్లు చెదిరిపోతున్నాయి. నల్ల రంగు, బంగారు రంగు స్టిక్కర్లు, క్రోమ్ మడ్‌గార్డులు. అమ్మే అతను "1987 మోడల్, హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్" అన్నాడు. నేను ముందు చూసింది బండిని కాదు, నెంబర్ ప్లేట్‌ని. దాని మీద ఏపీ 20 అని ఉంది. ఏపీ 20 అంటే ఖమ్మం జిల్లా, బాగానే ఉంది. కానీ రాష్ట్రం పేరుకి రెండక్షరాలు, పక్కన ఆఫీసు నెంబరు, ఈ పద్ధతి వచ్చిందే 1989లో. అంతకుముందు మూడు అక్షరాలు, పక్కన అంకెలు ఉండేవి. 1987లో రిజిస్టరైన బండికి ఏపీ 20 ఎలా వచ్చింది? దొంగబండి అని నేను అనడం లేదు. తర్వాత నెంబరు మార్చి ఉండొచ్చు. మార్చిన కాగితం ఉండాలి కదా. అడిగితే "అవన్నీ పాత ఓనర్ దగ్గర ఉన్నాయి బ్రదర్" అన్నాడు.

రెండోది ఛాసిస్ నెంబర్. హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ దగ్గర పంచ్ చేసి ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి చూశాం. అంకెల మీద రంగు ఎంత మందంగా పోశారంటే, 3 ఏదో 8 ఏదో తెలియడం లేదు. మిగతా బండి అంతా నున్నగా ఉండి, సరిగ్గా అక్కడే రంగు గడ్డకట్టిందంటే మనం ఆలోచించాలి.

మూడోది, మీటర్. 23 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. మీటర్ మార్చడం ఐదు నిమిషాల పని. కానీ కిక్ రాడ్ అబద్ధం చెప్పదు. పట్టుకుని ఊపితే లూజుగా ఆడుతోంది. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు కొత్తవి, రబ్బర్ పక్కకి జరిపితే కింద ఇనుము అరిగిపోయి ఉంది. ఎన్ని వేల సార్లు కాలు పడితే ఆ ఇనుము అలా అరుగుతుంది? ఇంకా ఆయిల్ పంపు పీకేశారు. ఈ బండికి 2టీ ఆయిల్ కోసం వేరే ట్యాంకు, దాన్ని కొలతగా ఇంజిన్‌కి పంపే చిన్న పంపు కంపెనీయే ఇచ్చింది. అది తీసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోస్తున్నారు. నడవదా అంటే నడుస్తుంది. కానీ ఒక్కరోజు ఆయిల్ కలపడం మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది. దీన్ని ఒరిజినల్ అని మాత్రం అనలేం.

రెండో బండి రుద్రంపూర్ వైపు ఒక కంపెనీ క్వార్టర్‌లో ఉంది. ఓనర్ సింగరేణిలో బదిలీ ఫిల్లర్‌గా చేరి, 61 ఏళ్లు నిండి ఈమధ్యే రిటైరైన పెద్దాయన. 1990లో ఏరియర్స్ డబ్బులతో కొన్నారట. ఎర్ర రంగు బండి. ట్యాంకు పైభాగం ఎండకి వెలిసి ఇటుక రంగుకొచ్చింది. మోకాళ్లు తగిలేచోట మాత్రం నున్నగా, ఎర్రగా ఉంది. ఒక ఇండికేటర్ పగిలింది. సీటు కవర్ లోకల్‌గా కుట్టించింది. ఇంజిన్ సందుల్లో బొగ్గు దుమ్ము, ఆయిల్ కలిసి తారులా పేరుకుపోయి ఉంది. మనవాడి మొహం వాడిపోయింది. "రంగు వేయిస్తే ఇంకో ముప్పై వేలు ఎక్కువ వచ్చేవి కదా తాతా?" అని అడిగేశాడు.

ఆయన నవ్వారు. "అందరూ అదే అంటున్నరు బిడ్డా. రంగేసినంక, ఈ ముసలాయన కింద ఏం దాస్తుండో అని నువ్వే అనుమానపడతవు గదా" అన్నారు.

ఈ ఒక్క మాట కోసమే నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నాను ఫ్రెండ్స్. దుమ్ము కడిగితే పోతుంది. కొత్త రంగు కింద ఏముందో తెలియాలంటే మాత్రం ముందు డబ్బు కట్టాలి.

ఛాసిస్ నెంబర్ చూశాం. గుడ్డతో తుడిస్తే ఒక్కో అంకె స్పష్టంగా కనపడింది. ఇంజిన్ కేస్ మీద నెంబరూ అంతే. రెండూ ఆర్‌సీ బుక్కుతో అక్షరం అక్షరం కలిశాయి. ఆ బుక్కు ఒక ప్లాస్టిక్ కవర్‌లో, ఆ కవర్ ఇంకో కవర్‌లో ఉంది. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండి చూపించి రెన్యూవల్ చేయించుకోవాలి. ఆయన 2005లో చేయించారు, 2010లో, 2015లో, 2020లో చేయించారు, మళ్లీ 2025లో చేయించారు. ఒకే చేతిలో 35 ఏళ్లు, ఐదు రెన్యూవల్స్. బాయికి మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు తిరిగిన బండి ఇది. మీటర్ ఎప్పుడో ఆగిపోయిందని ఆయనే చెప్పారు. ఆయిల్ పంపు ఉంది, పని చేస్తోంది. కంపెనీ సైలెన్సరే ఉంది. నాలుగో కిక్‌కి స్టార్ట్ అయింది.

ఇప్పుడు ఒక్కసారి రుద్రంపూర్ నుంచి ప్యారిస్ వెళ్లొద్దాం. "దుమ్ము పట్టిన బండికి విలువేంటి అన్నా" అనేవాళ్ల కోసం. ఫ్రాన్స్‌లో బైయోన్ అనే కుటుంబానికి చెందిన ఒక పాత ఇంటి షెడ్లలో ఏళ్ల తరబడి వదిలేసిన అరవై దాకా కార్లు బయటపడ్డాయి. వాటిలో ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఉంది. ఒకప్పుడు అలెన్ డెలాన్ అనే ఫ్రెంచ్ హీరో దాంట్లో ఫొటో దిగాడు. ఆ కారు మీద పాత మ్యాగజైన్లు కట్టలు కట్టలుగా పడేసి ఉన్నాయి. 2015 ఫిబ్రవరిలో ఆర్ట్‌క్యూరియల్ అనే సంస్థ ప్యారిస్‌లో వేలం వేసింది. కడగలేదు, రంగు వేయలేదు, దుమ్ముతోనే పెట్టింది. కోటీ అరవై లక్షల యూరోల పైన పలికింది. అప్పటి లెక్కన మన డబ్బుల్లో వంద కోట్లు దాటింది. కొన్నవాళ్లు దుమ్ముకి డబ్బు ఇవ్వలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు అనే నమ్మకానికి ఇచ్చారు.

అలాగని తుప్పుకి దండం పెట్టమని కాదు. దుమ్ము వేరు, తుప్పు వేరు. తిరగకుండా పడున్న బండి కూడా పాడవుతుంది. ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ పక్కన ఉండే ఆయిల్ సీళ్లు ఎండిపోయి గట్టిపడతాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది కదా, 1912 నాటిది. అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. దాన్ని చూసుకోవడానికి ప్యాలెస్ ఉంది, పనివాళ్లు ఉన్నారు. క్వార్టర్ ముందు రేకుల కింద ఉండే బండికి వారానికోసారి తిప్పడమే మందు. పెద్దాయన అదే చేశారు.

చట్టం కూడా ఇదే మాట అంటోంది, గమనించండి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూ వీలర్, ఫోర్ వీలర్ వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. నెంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు, రీ-రిజిస్ట్రేషన్‌కి 5 వేలు. రోజూ తిరగడానికి, కిరాయికి వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన కండిషన్ ఏంటంటే, బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మొట్టమొదటి ఆర్‌ఎక్స్ 100కి 50 ఏళ్లు నిండేది 2035లో. అంటే ఇప్పుడు ఎవరైనా యాడ్‌లో "వింటేజ్ ఆర్‌ఎక్స్" అని రాస్తే, చట్టం ప్రకారం అలాంటిది ఇంకా లేదు. ఆ రోజు వచ్చేసరికి మన రెండు బండ్లలో ఏది నిలబడుతుందో మీకే తెలుసు.

సరే, బేరం దగ్గరికి వద్దాం. పెద్దాయన ఎందుకు అమ్ముతున్నారు? రిటైరయ్యారు, క్వార్టర్ ఖాళీ చేయాలి. హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. మూడో అంతస్తు ఫ్లాట్, కింద ఒక్క బండికే చోటు, అది కొడుకు బండి. నెలాఖరు గడువు. మేం అక్కడ ఉండగానే ఫోన్ వచ్చింది. సిటీలో పాత బండ్లు కొని అమ్మే ఒకాయన. లక్ష ఇస్తాను, ఈరోజే మనిషిని పంపిస్తాను, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయండి, పేరు మేం మార్చుకుంటాం అంటున్నాడు.

మనవాడి దగ్గర ఉన్నది 90 వేలు. నాకు తెలిసిన మెకానిక్‌ని వీడియో కాల్‌లో చూపిస్తే టైర్లు, బ్రేక్ షూలు, సీళ్లు, బ్యాటరీ అన్నీ కలిపి 12 వేల దాకా అవుతుందన్నాడు. ఆ లెక్కన పెద్దాయనకి ఇవ్వగలిగేది 78 వేలు. అటు లక్ష, ఇటు 78. పెద్దాయనకి కూడా డబ్బు అవసరమే. ఇల్లు మారడం అంటే మాటలా? తక్కువకి ఇవ్వమని నేను ఏ మొహంతో అడుగుతాను? అడగలేదు. ఆ లక్ష రూపాయల ఆఫర్‌లో ఉన్న ఒక మెలిక మాత్రం చెప్పాను. మీకూ చెప్తున్నాను, బండి అమ్మే ప్రతి ఒక్కరూ వినాలి.

ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి తాళం ఇచ్చేస్తే బండి పోతుంది, పేరు మాత్రం మీదే ఉంటుంది. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆర్‌టీఏ రికార్డులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్. బండి నాలుగు చేతులు మారి యాక్సిడెంట్ చేసినా, పరిహారం కట్టాల్సిన బాధ్యత రికార్డులో ఉన్న మనిషి మీదకే వస్తుంది. ఇన్సూరెన్స్ లేకపోతే ఇక చెప్పక్కర్లేదు. చట్టం ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్‌టీఏకి తెలపాలి. దానికి ఫారం 29, ఫారం 30. పేరు మారేదాకా అమ్మకం పూర్తి కానట్టే.

పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి భార్యతో మాట్లాడి వచ్చారు. మనవాడిని అడిగారు: "నువ్వు ఆఫీసుకి నాతోని వస్తవా?" వాడు వస్తానన్నాడు. "ఎనభై ఐదు ఇయ్యి. మిగతా డబ్బులకి నిద్ర పాడుచేసుకోలేను" అన్నారు. మనవాడు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. వాడి డబ్బు, వాడి నిర్ణయం కదా. చివరికి వాడే అన్నాడు, టైర్లు, బ్రేకులు ఇప్పుడు, మిగతావి వచ్చే నెల జీతంతో అని. స్లాట్ బుక్ చేశారు, ఇద్దరూ కలిసి వెళ్లారు, పని అయ్యాకే తాళం చేతులు మారింది. వడ్డీకి తేవాలనుకున్న డెబ్భై వేలు తేలేదు. నాకైతే ఈ కథలో అన్నిటికంటే పెద్ద లాభం అదే.

ఒక మాట మాత్రం వాడికి గట్టిగా చెప్పాను. ఈ బండికి ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. దూకడం ఎంత తొందరో, ఆగడం అంత తొందర కాదు. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు మీద నైట్ షిఫ్టుకి దీన్ని వేసుకుని రేసులు పెట్టొద్దు. సైలెన్సర్ మార్చొద్దు. మోత కోసం మార్చిన సైలెన్సర్లని పోలీసులు రోడ్ రోలర్ కింద తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం, రంగు వేయొద్దు.

ఫ్రెండ్స్, గుర్తుపెట్టుకోండి. ముందు ఆర్‌సీ చూడండి, తర్వాత నెంబర్లు, తర్వాత ఇంజిన్, రంగు చివర్లో. ఎంపరివాహన్ యాప్‌లో నెంబర్ కొట్టి చూడండి, అక్కడ కనపడకపోతే ఆర్‌టీఏ ఆఫీసులో అడగండి. చలాన్లు ఉన్నాయేమో చూడండి. ఫైనాన్స్ ఉంటే తీరినట్టు కాగితం తీసుకోండి. చల్లగా ఉన్న ఇంజిన్‌ని మీ ముందే స్టార్ట్ చేయమనండి, ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. "పేపర్లు తర్వాత ఇస్తాం" అనే మాట వినపడగానే హెల్మెట్ పెట్టుకుని మీ బండి మీద ఇంటికి వచ్చేయండి.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఇలా మార్చకుండా దాచుకున్న పాత బండి ఏదైనా ఉందా? మోడల్, సంవత్సరం కామెంట్‌లో రాయండి. నెంబర్ ప్లేట్ మాత్రం కనపడకుండా ఫొటో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆయిల్ సీళ్లు మార్చడం దగ్గరుండి చూపిస్తాను, బండి ఎవరిదో మీకు తెలుసు. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి. ఉంటాను, బై.